నాలుగేళ్లు వాడిన బెల్ట్ శాండర్: ఆ నల్ల నాబ్‌తో నా తగువు

చెక్కని గరుకు బెల్టు మీద నునుపు చేసే ఈ బల్ల మీది శాండర్ మా ఇంటికొచ్చి నాలుగు వానాకాలాలు దాటాయి. నాలుగంగుళాల బెల్టు, పక్కన ఆరంగుళాల డిస్కు ఉండే రకం. ఒకే అచ్చులో పోసినట్టున్న ఈ మెషిన్‌ని రంగు మార్చి, పేరు మార్చి చాలామంది అమ్ముతున్నారు. అందుకని కంపెనీ పేరు చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. వాట్లు, బరువు, కొలతలు పెట్టె మీదే ఉంటాయి. నేను చెప్పేది బెల్టుని నడిమధ్యన నిలబెట్టాల్సిన ఆ చిన్న నల్ల నాబ్ గురించి. ఈ మెషిన్ మీద నాకున్న కోపమంతా దాని దగ్గరే ఉంది.

నేను బళ్లో లెక్కలు చెబుతాను. రాజమండ్రిలో మా ఇంటి వెనక ఎనిమిదడుగులకి పదడుగుల రేకుల షెడ్డు ఉంది. ఆదివారాలు, సెలవులు అందులోనే గడుస్తాయి. చేసేవన్నీ చిన్నవే: పీటలు, కూరగాయలు తరిగే చెక్కలు, పూజ మండపాలు, పిల్లలకి బొమ్మ బళ్లు. ద్వారబంధాలు చేసే ఒక మేస్త్రి గారి దగ్గర మిగిలిపోయిన టేకు ముక్కలు తెచ్చుకుంటాను. శాండర్ రాకముందు చిత్రిక పట్టి, గరుకు కాగితాన్ని చెక్కముక్కకి చుట్టి చేత్తో రుద్దేవాణ్ణి. ఒక పీట అంచులు నునుపు తేలేసరికి పూట గడిచిపోయేది. బెల్టు మీద అదే పని పది నిమిషాల్లో తేలిపోయింది. ఆ సంబరంలో కొన్న నెలకే స్టాఫ్ రూములో అందరికీ కొనమని చెప్పాను. ఒకాయన కొన్నారు కూడా. ఇప్పుడు రాస్తున్న సంగతులన్నీ ఆయనకి తర్వాత విడిగా చెప్పుకోవాల్సి వచ్చింది.

రెండో ఏడు వానాకాలంలో మొదలైంది. బెల్టు ఎక్కించి స్విచ్ వేస్తే ఐదారు సెకన్లు మధ్యలో తిరిగి, మెల్లగా కుడివైపు జరిగేది. నాబ్ పావు చుట్టు తిప్పితే ఆగేది. చెక్క ఆనించగానే మళ్లీ జరిగేది. వారం తిరిగేసరికి పావు చుట్టు అర చుట్టయింది, ఆ తర్వాత నాబ్ చివరికంటా తిరిగిపోయి ఇంక కదలనంది. ఒక ఆదివారం మా అక్క మనవరాలి అన్నప్రాశనకని పీట చేస్తున్నాను. పీట మీదే చూపు పెట్టి బెల్టు సంగతి మరిచాను. గీరుకుపోతున్న చప్పుడు విని ఆపేసరికి బెల్టు అంచు మెషిన్‌కి పక్కనున్న అల్యూమినియం గోడని తినేసింది. అక్కడ ఇప్పటికీ వేలు పెడితే తగిలే గాడి ఉంది. బెల్టు అంచు పీచుపీచుగా లేచిపోయింది. పీట మీద ఏటవాలుగా ఒక గీత పడింది. దాన్ని తీయడానికి మొత్తం పైముఖాన్ని మళ్లీ చిత్రిక పట్టాను.

తప్పు బెల్టుదేననుకున్నాను. పది బెల్టులు కట్టగా తెప్పించాను. మొదటిది కుడికే పోయింది, రెండోదీ అంతే. మూడోది ఎడమకి పోయింది! అప్పుడు నాకు పూర్తిగా మతిపోయింది. రెండు ఆదివారాలు నాబ్ తిప్పడానికే సరిపోయాయి, ఒక్క చెక్కా ముట్టుకోలేదు.

చివరికి మేస్త్రి గారికి ఫోన్ చేస్తే సాయంత్రం అటువైపు వచ్చినప్పుడు చూస్తానన్నారు. వచ్చి, నేను చెప్పిందంతా విని, "మాస్టారూ, కొత్త బెల్టులు వెయ్యడం ఆపండి. ఉన్నదాన్నే తిరగేసి వెయ్యండి" అన్నారు. గరుకు వైపు బయటికే ఉంచి, ఎడమ అంచు కుడికొచ్చేలా వెయ్యమని ఆయన ఉద్దేశం. తిరగేసినప్పుడు బెల్టు రెండో పక్కకి పోతే లోపం బెల్టుది, మళ్లీ అదే పక్కకి పోతే లోపం మెషిన్‌ది. ఇంత చిన్న తర్కం లెక్కల మాస్టారినైన నాకు తట్టలేదు! ఒక్క జాగ్రత్త ఉంది. లోపలి వైపు బాణం గుర్తున్న బెల్టుల అతుకు ఒకదాని మీద ఒకటి ఎక్కించి అంటించి ఉంటుంది, వాటిని ఎదురు దిశలో నడిపితే అతుకు లేచిపోతుంది. నావి రెండు కొసలూ ఎదురెదురు పెట్టి వెనక టేపు వేసినవి, బాణం లేనివి, కాబట్టి పర్లేదు.

తిరగేశాం. మళ్లీ కుడికే పోయింది.

ఆయన స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, బెల్టు తీసేసి, అది చుట్టుకు తిరిగే పై రోలర్ని వేలితో తిప్పారు. ఇసక నమిలినట్టు గరగరమంది. రెండు చివర్లూ పట్టుకుని ఊపితే కుడి చివర బియ్యపు గింజంత ఊగుతోంది. సంగతి అదీ. నాబ్ చేసే పనల్లా ఈ పై రోలర్ని ఒక వెంట్రుకవాసి వాల్చడం. రోలరే తన ఇష్టం వచ్చినట్టు వాలుతుంటే నాబ్ ఎంత తిప్పినా ఏం లాభం? స్ప్రింగు బెల్టుని బిగలాగిన ప్రతిసారీ అరిగిన బేరింగు పక్కకి ఒరుగుతోంది.

మర్నాడు బడి అయ్యాక రోలర్ విప్పాను. బేరింగు జారకుండా పట్టి ఉంచే సర్‌క్లిప్ తీసి, కింద చెక్క ఆనించి, సరిపడే సాకెట్ పెట్టి మెల్లగా తడితే బేరింగు బయటికొచ్చింది. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే నంబరు కనబడింది: 6000 జెడ్‌జెడ్. పది మిల్లీమీటర్ల రంధ్రం, ఇరవయ్యారు మిల్లీమీటర్ల బయటి కొలత, ఏ బేరింగుల కొట్లో అయినా దొరికే సరుకు. కొట్టాయన దాన్ని అరచేతిలో దొర్లించి, "ఎక్కడ వాడతన్నారండీ?" అని అడిగారు. చెక్క పొడిలో అనగానే జెడ్‌జెడ్ వెనక్కి పెట్టేసి, 2ఆర్‌ఎస్ తీసిచ్చారు. జెడ్‌జెడ్‌కి రెండు పక్కలా రేకు మూత ఉంటుంది గానీ అది లోపలి రింగుని తాకదు, సన్నటి సందు మిగులుతుంది. ఆ సందులోంచి టేకు పొడి దూరి, గ్రీజుతో కలిసి ముద్దయిపోయింది. 2ఆర్‌ఎస్‌కి రబ్బరు మూత, అది రింగుని అంటుకునే తిరుగుతుంది. కొంచెం బిగువుగా ఉంటుంది గానీ పొడిని ఆపుతుంది. రోలర్ రెండు చివర్ల బేరింగులూ కలిపి రెండొందల లోపే అయ్యాయి. రోజంతా చెక్క పొడి చిమ్మే మెషిన్‌లో, అదీ పొడి నేరుగా పడే రోలరుకి, తయారు చేసినవాళ్లు రేకు మూత బేరింగు వేశారంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. వాళ్లకి మిగిలింది ఎంతని?

బేరింగులు మార్చాక బెల్టు నడిమధ్యన నిలబడింది. నాబ్‌ని మళ్లీ వేలికొసతో తిప్పుకుంటున్నాను. అయితే నా పది బెల్టుల్లో రెండు ఇంకా పక్కకే పోయాయి. వాటిని తిరగేస్తే రెండో పక్కకి పోయాయి. అంటే ఆ రెండిట్లో లోపం నిజంగానే బెల్టుది, ఒక అంచు పొడుగు, ఒక అంచు పొట్టి. ఎడమకి పోయి నన్ను కంగారుపెట్టిన మూడో బెల్టు వాటిలో ఒకటి. తప్పంతా మెషిన్ మీదే వేయలేను. ఇంకో మూడు బెల్టుల అతుకులు ఆ వానాకాలంలోనే లేచిపోయాయి. షెడ్డులో మేకుకి తగిలించి ఉంచడం నా పొరపాటు. గోదావరి గాలి తేమకి ఆ జిగురు ఆగదు. ఇప్పుడు ఒకేసారి మూడుకి మించి కొనను. వాటిని ఇంట్లో, గట్టి మూత ఉన్న పాత బియ్యం డబ్బాలో మడత పడకుండా చుట్టి ఉంచుతాను.

బెల్టు మూలపడ్డ ఆ ఆరు వారాల్లోనే డిస్కు విలువ తెలిసింది. ఈ రకం మెషిన్లలో రెండూ ఒకేసారి తిరుగుతాయి. బెల్టు తీసేసి డిస్కుతోనే పని నెట్టుకొచ్చాను. అంతకుముందు దాన్ని మూలలు గుండ్రం చెయ్యడానికి తప్ప ముట్టుకోలేదు. దాని బల్ల తొంభై డిగ్రీలకి కుదిరిందని గుర్తు చూపించేది గానీ, మూలమట్టం ఆనించి కిటికీ వెలుగుకి ఎదురుగా చూస్తే కింద సన్నటి వెలుతురు గీత కనబడింది. పెళ్లి శుభలేఖ అట్టముక్క ఒకటి కత్తిరించి బల్ల బ్రాకెట్ కింద పెట్టి బిగించాను. వెలుతురు మూసుకుపోయింది. ఆ తర్వాత 120 నంబరు గరుకు కాగితంతో టేకు ముక్క కోత చివరని తాకిస్తే, రంపపు గీతలు పోయి, ముదురు గోధుమ రంగులో చెట్టు ఏటేటా పెరిగిన వలయాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత తేటగా తేలాయి. మండపం మూలలు సందు లేకుండా కలిశాయి, నా చేతిపనిలో అది మొదటిసారి.

డిస్కులో ముక్కని ఎప్పుడూ కిందికి దిగే సగం వైపే ఆనించాలి, అప్పుడే అది బల్లకి అదిమి ఉంటుంది. రెండో సగం ముక్కని పైకి ఎగరేస్తుంది. ఒకే చోట పట్టి ఉంచకూడదు కూడా. అంచు దగ్గర వేగం ఎక్కువ, నల్లగా మాడిన మచ్చ పడుతుంది. వెనక జిగురున్న డిస్కు కాగితం ఊడకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చెయ్యండి, ముక్కలవకుండా వస్తుంది. టేకు నూనెకి కాగితం మూసుకుపోయిందనిపిస్తే పారేయొద్దు. క్రేప్ రబ్బరు ముక్క ఆనిస్తే పొడి ముద్దలుగా ఊడి మళ్లీ గరుకు తేలుతుంది.

పొడి విషయంలో కొత్తలో స్టాఫ్ రూములో నేను చెప్పింది తప్పు. వెంట వచ్చిన గుడ్డ సంచి చాలన్నాను. చాలదు. టేకు పొడి పడ్డ రోజు నా ముంజేతులు దురదతో ఎర్రబడేవి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క పొడిని మనుషులకి క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో పెట్టింది. నేను ఇప్పుడు పీవీసీ పైపు ముక్కతో వాక్యూమ్ క్లీనర్ తగిలించి, ఎన్95 మాస్క్ పెట్టుకుంటేనే స్విచ్ వేస్తాను. పాత ద్వారబంధాల చెక్కయితే ముందు మేకులు వెతికి పీకుతాను. మేకు తగిలి నిప్పురవ్వ లేస్తే అది నేరుగా ఆ పొడిలోకే పోతుంది.

మరి కొనొచ్చా అంటే, నాలాగా రెండడుగుల లోపు ముక్కలతో, వారానికి నాలుగైదు గంటలు చేసుకునేవాళ్లకి కొనొచ్చనే అంటాను. విప్పి బిగించుకునే ఓపిక ఉండాలి. తలుపులు, టేబుల్ పైపలకలు చేసేవాళ్లకి ఇది పనికిరాదు. వాళ్లకి చేత్తో పట్టుకునే శాండరే నయం. రోజూ పనికి వాడేవాళ్లకి ఈ బేరింగులు ఏడాది కూడా ఆగుతాయని నేననుకోను. మా షెడ్డు ఇంకాస్త పెద్దదై, చేతిలో ఇంకాస్త డబ్బుంటే నేను పెద్ద డిస్కు ఒక్కటే ఉన్న మెషిన్ తీసుకునేవాణ్ణేమో. కొట్లో చూసేటప్పుడు మాత్రం మోటారు చప్పుడు వినడం కంటే ముందు బెల్టు తీయించి పై రోలర్ని వేలితో తిప్పి చూడండి, రెండు చివర్లూ పట్టుకుని ఊపండి.

బెల్టు చుట్టుకునే కింది డ్రమ్ము బేరింగులు ఇంకా పాతవే. ఈమధ్య చల్లగా ఉన్న పొద్దున్న వేస్తే సన్నగా మూలుగుతోంది. కొత్తవి రెండు 2ఆర్‌ఎస్ తెచ్చి డబ్బాలో పెట్టాను, వేసవి సెలవుల్లో వానలు పడకముందే వేసేస్తాను.