మూడు చెక్‌లిస్టులు, ఒకే పాస్‌వర్డు: ఏది మేలు?

విండోస్ కంప్యూటర్‌లో పాస్‌వర్డును ఎన్నాళ్లకు ఒకసారి మార్చాలి? కంప్యూటర్‌ను భద్రంగా ఉంచే సెట్టింగుల చెక్‌లిస్టులు మూడింటిని అడిగితే మూడు జవాబులొస్తాయి. అమెరికా రక్షణ శాఖ కోసం తయారయ్యే స్టిగ్ 60 రోజులు దాటకూడదంటుంది. సెంటర్ ఫర్ ఇంటర్నెట్ సెక్యూరిటీ వారి సీఐఎస్ బెంచ్‌మార్క్ 365 రోజుల దాకా ఒప్పుకుంటుంది. మైక్రోసాఫ్ట్ అయితే 2019లో తన చెక్‌లిస్టు అయిన బేస్‌లైన్ నుంచి ఈ గడువునే తీసేసింది. పాస్‌వర్డు దొంగల చేతిలో పడిందని తెలిస్తే వెంటనే మార్చాలి గానీ గడువు దాకా ఆగడమెందుకు, పడనప్పుడు మార్చడమెందుకు అన్నది దాని వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది. గడువు పెట్టిన చోటల్లా జనం చివరి అంకె ఒకటి పెంచి పాతదానితోనే కాలం గడుపుతారు.

మూడూ నిపుణులు రాసినవే. తేడా అంతా అవి ఎవరి కోసం రాశారన్నదాంట్లోనే ఉంది.

స్టిగ్ సైనిక అవసరాలకు పుట్టింది. ప్రతి లోపాన్నీ తీవ్రతను బట్టి మూడు తరగతులుగా విడదీస్తుంది. ఎలా తనిఖీ చేయాలో, ఎలా సరిదిద్దాలో వివరంగా చెబుతుంది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. అయితే కళ్లు మూసుకుని అమలు చేస్తే, మీ ఉద్యోగులు కంప్యూటర్ తెరవగానే ‘మీరు అమెరికా ప్రభుత్వ సమాచార వ్యవస్థలోకి ప్రవేశిస్తున్నారు’ అన్న హెచ్చరిక చదవాల్సి వస్తుంది. ఆ హెచ్చరిక కూడా అందులో ఒక నియమమే మరి! రక్షణ శాఖ కంప్యూటర్ వ్యవస్థలను నడిపేవారికి ఇది తప్పదు. మిగతావారు మొదటి తరగతి లోపాలను ఒకసారి చదువుకుంటే చాలు.

మైక్రోసాఫ్ట్ బేస్‌లైన్ ముందు సోమరితనం కూడా చెల్లుతుంది. గ్రూప్ పాలసీలు (విండోస్ యంత్రాలన్నిటికీ ఒకేసారి సెట్టింగులు పెట్టే ఏర్పాటు) సిద్ధంగా వస్తాయి, దిగుమతి చేసుకోవడమే. ఇప్పుడున్న సెట్టింగులకూ దానికీ తేడా చూపే పాలసీ అనలైజర్ కూడా ఉచితమే. కానీ విండోస్ కాక లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్ గురించి అడిగితే దాని దగ్గర జవాబుండదు.

సీఐఎస్ మీద నాకున్న మొగ్గుకు కారణం వేరు. అందులో నియమం పక్కనే, దాన్ని అమలు చేస్తే ఏది ఆగిపోవచ్చో చెప్పే భాగం ఒకటి ఉంటుంది. ఆ భాగం విలువ నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. ఒక కార్యాలయంలో ఒకే రాత్రి చెక్‌లిస్టు మొత్తం అమలు చేశాను. పొద్దున్నే స్కానర్ నుంచి ఫోల్డర్‌లోకి ఫైళ్లు రావడం ఆగిపోయింది. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి అయిన ఎస్‌ఎంబీలో, ఆ పాత యంత్రానికి మొదటి వెర్షన్ తప్ప మరొకటి రాదు, నేను దాన్నే మూసేశాను. నియమంలో తప్పేమీ లేదు. 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వానాక్రై వైరస్ పాకింది ఆ పాత వెర్షన్‌లోని లోపం గుండానే. కానీ ఒకేసారి వందలకొద్దీ సెట్టింగులు మార్చినందువల్ల, కారణం ఏదో పట్టుకోవడానికే మధ్యాహ్నం దాటింది.

సీఐఎస్‌లో రెండు స్థాయిలున్నాయి. మొదటిది పనికి పెద్దగా అడ్డురాని కనీస జాగ్రత్త. రెండోది భద్రత కోసం కొంత అసౌకర్యానికి సిద్ధపడేవారికి. లినక్స్‌లో, యంత్రంలో జరిగినవి నమోదయ్యే లాగ్ ఫైళ్లకు డిస్కులో వేరే భాగం (పార్టిషన్) ఉండాలన్నది రెండో స్థాయి నియమం. కొత్తగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది నిమిషాల పని, నడుస్తున్న సర్వర్‌లో తలనొప్పి. పత్రాలు ఉచితంగా దొరుకుతాయి, పూర్తిస్థాయి తనిఖీ సాధనానికి మాత్రం సభ్యత్వం కావాలి. లినక్స్‌కైతే ఓపెన్‌స్కాప్ అనే తనిఖీ సాధనం ఉంది. అది దేన్నీ మార్చకుండా నియమాలను సరిపోల్చి నివేదిక ఇస్తుంది. మార్పులు చేసే సౌకర్యం కూడా అందులో ఉంది, మొదటి రోజే దాని జోలికి వెళ్లకండి.

అన్నీ విండోస్ యంత్రాలే ఉన్న చిన్న కార్యాలయానికి మైక్రోసాఫ్ట్ బేస్‌లైన్ మేలు. విండోస్, లినక్స్ రెండూ కలిసి ఉంటే సీఐఎస్ మొదటి స్థాయి. రెండో స్థాయి నుంచి నేను ఏరుకునేవి ఆడిట్ నియమాలే. ఏదైనా జరిగాక ఎవరు ఎప్పుడు ఏం చేశారో చెప్పేవి అవే. ఏది తీసుకున్నా ముందు ఒక్క యంత్రం మీద పెట్టి వారం చూడండి. వదిలేసిన ప్రతి నియమం పక్కన కారణమూ తేదీ రాసుకోండి. మా స్కానర్ కోసం ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌ను మళ్లీ తెరిచి, ఆ నియమం పక్కన ‘కొత్తది వచ్చేదాకా’ అని రాశాను. కొత్త స్కానర్ వచ్చిన రోజునే ఆ పాత వెర్షన్‌ను మళ్లీ మూసేశాను.