రాని బాకీల లెక్క: గవర్నర్‌పేటలో మేం వెళ్లే ఆడిటర్ ఆఫీసు

మాది విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. మా లైన్లో అరువు లేకుండా వ్యాపారం నడవదు, లోడుకెళ్లొచ్చాక ఇస్తామని సామాను పట్టుకెళ్తారు, చాలామంది ఇస్తారు కూడా. కొందరు మాత్రం బండి అమ్మేస్తారు, ఫోన్ నంబరు మార్చేస్తారు, వాళ్ల బాకీ ప్రతి మార్చి 31కీ మన పుస్తకాల్లో ఆస్తిగానే కనిపిస్తూ ఉంటుంది. అమ్మిన ఏడాదే దాని మీద ఇన్‌కమ్ టాక్సు, జీఎస్టీ కట్టేసి ఉంటాం.

ఇదివరకు అకౌంట్లు చూసినాయన మొత్తం బాకీల్లో 5 శాతం రాకపోవచ్చని ప్రొవిజన్ పెట్టి ఖర్చు రాసేవాడు. మాలాంటి వ్యాపారాలకు ఆ అంచనా లెక్కను ఇన్‌కమ్ టాక్సులో ఒప్పుకోరని ఈ ఆడిటర్ ఆఫీసుకొచ్చాకే తెలిసింది. ఇక్కడి మేడమ్ లెడ్జర్ ప్రింటు తీయించి, పాత బాకీల నుంచి మొదలుపెట్టి ఒక్కో పేరు దగ్గర ఆగి అడిగారు: బిల్లుందా, ఆఖరుసారి డబ్బు ఎప్పుడిచ్చాడు, ఇప్పుడా బండి ఎవరి దగ్గరుంది అని. రెండు మధ్యాహ్నాలు పట్టింది. చివరికి 9 పేర్లు, 2,14,000 రూపాయలు ఇక రావని పుస్తకాల్లోంచి కొట్టేయాలని తేలింది. ఆ పార్టీల ఖాతాల్లోనే జమ రాసి, అటు బ్యాడ్ డెట్స్, అంటే రాని బాకీల కింద ఖర్చు చూపించారు. బాకీ ఇక రాదని రుజువు చేయక్కర్లేదు, పుస్తకాల్లో కొట్టేస్తే చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పిందట. అయినా మేం పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లన్నీ ఫైల్లో పెట్టించారు.

నాకు బాగా నచ్చింది, కుదరనిది కుదరదని మొహం మీదే చెప్పడం. ఒక డ్రైవరుకు ఆస్పత్రి ఖర్చుకని చేబదులిచ్చిన 40 వేలు కూడా కలపమన్నాను. అది అమ్మకం కాదు, ఎప్పుడూ మీ ఆదాయంలో చూపించలేదు, ఇందులోకి రాదండీ అన్నారు. కట్టిన జీఎస్టీ కూడా వెనక్కి రాదు, క్రెడిట్ నోటు, అంటే బిల్లు మొత్తం తగ్గిస్తూ రాసిచ్చే కాగితం, సరుకు వాపసొస్తేనో బిల్లు ఎక్కువ పడితేనో ఇచ్చేది గానీ డబ్బు రాలేదని ఇచ్చేది కాదట. చాలా బాధేసింది.

మా నాన్నైతే, కొట్టేస్తే మాఫీ చేసినట్టే కదా అని అసలు ఒప్పుకోలేదు. "లేదు బాబాయ్ గారూ, అడిగే హక్కు మీకే ఉంటుంది, ఎప్పుడొస్తే ఆ ఏడాది ఆదాయంలో చూపిద్దాం" అని మేడమ్ ఓపిగ్గా చెప్పారు. ఇంకో మాట, కోర్టుకెళ్లడానికి 3 ఏళ్లే గడువు, అది దాటకముందే బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టిస్తే ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు. ఇప్పుడు పాత పార్టీలందరి దగ్గరా అదే చేస్తున్నాం. జూన్‌లో ఇబ్రహీంపట్నం పార్టీ ఒకాయన 15 వేలు తెచ్చిచ్చాడు, కొట్టేసిన పేరే.

ఫీజు ఏడాదికి 20 వేలు, మాకు ఎక్కువనిపించలేదు. మార్చి ఆఖరి వారంలో మాత్రం ఫోన్ ఎత్తరు, ఒక స్టార్ అందుకే తగ్గించాను. వెళ్లేవాళ్లు ఫిబ్రవరిలోనే, పాత బిల్లుల ఫైళ్లతో వెళ్లండి.