దుబాయ్ గోల్డెన్ వీసా: 5కి 4 స్టార్లు, ఒకటి ఎందుకు కోశానంటే

పద్నాలుగేళ్లు కంపెనీ వీసా మీదే బతికాను. ఉద్యోగం పోతే పిల్లల చదువు మధ్యలో ఆపి పెట్టే సర్దుకోవాలన్న టెన్షన్ ఎప్పుడూ ఉండేది. పోయినేడాది ఊళ్లో పొలం అమ్మిన డబ్బుకి ఇక్కడ దాచుకున్నది కలిపి ఫ్లాట్ కొని, గోల్డెన్ వీసాకి పెట్టాను. ఆస్తి విలువ 20 లక్షల దిర్హాములు ఉండాలి, వీసా పదేళ్లు, స్పాన్సర్ అక్కర్లేదు, ఆరు నెలలు దాటి ఇండియాలో ఉండిపోయినా రద్దవదు. ఇంట్లో పెద్దవాళ్లున్న నాలాంటివాడికి ఆ చివరిదే అసలు లాభం.

ల్యాండ్ డిపార్ట్‌మెంట్ కౌంటర్లో ఆవిడ టైటిల్ డీడ్ నంబరు కొట్టింది, విలువ స్క్రీన్ మీద వచ్చింది, అంతే. మన రిజిస్ట్రార్ ఆఫీసుల అలవాటు కదా, "ఇంకెవరినైనా కలవాలా మేడమ్" అని అడిగేశాను. ఆవిడకి నా ప్రశ్నే అర్థం కాలేదు! తర్వాత మెడికల్, వేలిముద్రలు, ప్రతి మెట్టుకీ ఫోన్‌కి మెసేజ్.

ఆలస్యమైందల్లా మన వైపే. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో మా ఆవిడ ఇంటిపేరు ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఇంకోలా ఉంది. అది సరిచేయించి, రాష్ట్రంలో ఒక ధ్రువీకరణ ముద్ర, ఢిల్లీలో ఒక ముద్ర, హైదరాబాద్‌లో 2023లో తెరిచిన యూఏఈ కాన్సులేట్‌లో ఇంకోటి వేయించి, మళ్లీ ఇక్కడ అరబిక్ అనువాదం. డబ్బు తీసుకున్న ఏజెంటు రెండు నెలలు ఫోన్ ఎత్తలేదు, చివరికి మా బావమరిదే తిరిగాడు.

2025 జులైలో లక్ష దిర్హాములు, అంటే 23 లక్షల రూపాయలు కడితే జీవితాంతం వీసా అని మన వాట్సాప్ గ్రూపులన్నీ ఊగిపోయాయి గుర్తుందా? యూఏఈలో వీసాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ ఐసీపీ రోజుల్లోనే అదంతా ఉత్తదని, దరఖాస్తులు అధికారిక మార్గంలోనే తీసుకుంటామని తేల్చేసింది. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

మరి స్టార్ ఎందుకు కోశానంటే, ఫ్లాట్ అమ్మేస్తే వీసాకీ నీళ్లొదులుకోవాల్సిందే. ఎన్నేళ్లున్నా ఇది పౌరసత్వానికి దారి కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. మెడికల్ సెంటర్లో నా పక్కన జగిత్యాల కుర్రాడొకడు కూర్చున్నాడు, క్లీనింగ్ కంపెనీ వీసా, అప్పు చేసి ఏజెంటుకి కట్టి వచ్చాడట. నా ఫీజు చివరి దిర్హాము దాకా ముందే తెలుసు, వాడి జీతం ఎంతో విమానం దిగేదాకా వాడికి తెలియదు.

కొనబోయేవాళ్లకి ఒక్క మాట. డీడ్ మీద ఉన్న విలువే లెక్క, మీరు కట్టే 4 శాతం రిజిస్ట్రేషన్ ఫీజు అందులోకి రాదు. మా పక్కింటాయన అదీ కలిపి లెక్కేసుకుని 19 లక్షల 60 వేలకి కొన్నాడు. ఇప్పుడు ఆ తక్కువైన కాస్త కోసం ఇంకో స్టూడియో వెతుకుతున్నాడు.