మట్టితోనా, బ్లెండర్‌లోనా?

విజయవాడలో బొమ్మలు చేయడం నేర్చుకుంటూ మట్టి, బ్లెండర్ (కంప్యూటర్‌లో 3డి బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) రెండూ వాడాను. మనిషి బొమ్మకైతే ముందు బంకమట్టే అంటాను. బ్లెండర్ ఉచితం, తప్పుచేస్తే అన్‌డూ ఉంది. సిమెట్రీ పెడితే ఒక చెయ్యి చేస్తే రెండోదీ వచ్చేస్తుంది. చిక్కంతా అక్కడే. ఒక కాలి మీద బరువు వేసి నిలబడితే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, భుజం కిందికి వాలుతుంది. సిమెట్రీలో ఇది అలవాటు కాదు. మట్టిలో లోపలి తీగ సరిగా వంచకపోతే బొమ్మ ఒరిగిపోతుంది, బరువెటు పోతుందో చేతికే తెలుస్తుంది. ఎండాకాలం తడిగుడ్డ కప్పాల్సిందే, లేకుంటే పగుళ్లు.

వింత జంతువులకు మాత్రం కంప్యూటరే మేలు. మన శిల్పాల్లోని మకరాన్నే తీసుకోండి: మొసలి దవడ, ఏనుగు తొండం. ఆ తొండాన్ని పది రకాలుగా సాగదీసి, నచ్చింది ఉంచుకోవచ్చు.