పూట బోటుకి రెడ్‌ఫిష్షే ఎందుకంటే

ఫ్లోరిడాలో తీరం దగ్గర చేపలకని చార్టర్ బోటు మాట్లాడుకుంటే కెప్టెన్ ముందుగా అడిగేది దేనికోసం వెళ్దామని. రెడ్‌ఫిష్, స్నూక్, సీట్రౌట్, టార్పన్: ఎక్కువగా ఈ నాలుగే. కొన్నేళ్లుగా నాలుగింటి వెంటా తిరిగాను. ఒక పూటకి మాట్లాడుకున్న బోటుకి ఇచ్చిన డబ్బు వసూలయ్యేది రెడ్‌ఫిష్‌తోనే అని నా లెక్క.

ఇది మన కచిడి చేప కుటుంబానిదే. ఒళ్లు రాగి రంగు, తోక దగ్గర నల్లటి చుక్క. నోరు కిందికి తిరిగి ఉంటుంది కాబట్టి అడుగు బురదలో పీతల్నీ రొయ్యల్నీ కెలుక్కుంటూ తింటుంది. మోకాలి లోతు నీళ్లలో తల కిందికి పెట్టి మేస్తుంటే తోక పైకి తేలి ఎండకి మెరుస్తుంది. అది కనబడగానే కెప్టెన్ మోటార్ ఆపేసి, గడకర్రతో పడవని నెడుతూ ఎటు వేయాలో గొంతు తగ్గించి చెబుతాడు. ఎర నేరుగా నెత్తిన పడితే గుంపంతా బురద లేపుకుని పారిపోతుంది. కాస్త ముందుకు వేసి, మెల్లగా అది వచ్చే దారిలోకి లాక్కురావాలి. పట్టిందంటే దారం బరువెక్కుతుంది, అంతే. కొన లోపలికి తిరిగి ఉండే సర్కిల్ హుక్ కట్టి ఉంటే రాడ్‌ని గుంజకూడదు. రీల్ తిప్పుతూ పోతే గాలం నోటి మూలన దానంతటదే దిగుతుంది.

తర్వాత గాల్లోకి ఎగరడాలేమీ ఉండవు, పెనుగులాటంతా నీళ్లలోనే. పడవ పక్కకి వచ్చేసింది కదా అనుకుంటాం, పడవని చూడగానే ఇంకో పరుగు తీస్తుంది. డ్రాగ్ (చేప లాగితే రీల్ దారాన్ని వదిలే బిగువు) బాగా బిగించినవాళ్లకి దారం తెగేది సరిగ్గా అక్కడే.

టార్పన్ అందం వేరు, కాదనను. వంద పౌన్లు దాటిన చేప నీళ్లలోంచి నిలువునా లేస్తుంటే ఎవరికైనా గుండె ఆగుతుంది. కానీ దాని నోరంతా ఎముక. పట్టినవాటిలో చాలావరకు గాలం విదిలించుకుని పోతాయి. పూట ట్రిప్‌కి అది జూదమే. స్నూక్‌కి కొంచెం పండుగప్ప పోలికలుంటాయి. చెంప మూత అంచు బ్లేడులా ఉండి లీడర్‌ని (గాలానికి ముందు కట్టే దారం ముక్కని) కోసేస్తుంది, లేదంటే మడ చెట్ల వేళ్లలోకి దూరిపోతుంది. సీట్రౌట్ సులువుగా పడుతుంది. పిల్లల్ని తీసుకెళ్తే అదే మంచిది, కాకపోతే నోరు మరీ మెత్తన, గట్టిగా లాగితే చిరుగుతుంది.

సామాను గురించి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. ఏడడుగుల రాడ్, 3000 సైజు రీల్, పది పౌన్ల లాగుడు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన దారం), ఇరవై పౌన్ల ఫ్లోరోకార్బన్ లీడర్ సరిపోతాయి. కస్టమర్లకి లైసెన్స్ బోటు తరఫునే ఉంటుంది.

ఇక నచ్చనివి. ప్రకటనల్లో చేతుల నిండా పట్టుకున్న పెద్ద రెడ్‌ఫిష్ ఫోటోలు పెడతారు. అవి ఎక్కువగా వయసొచ్చాక లోతు నీళ్లకి పోయే చేపలు, తీరం లోపలి నీళ్లలో ఒక పూటలో అంత తేలిగ్గా దొరికేవి కావు. ఒక కెప్టెన్ అయితే గాలి పెరిగిందని ఒకేచోట లంగరేసి గంటలు గడిపేశాడు, మళ్లీ ఆ బోటు ఎక్కలేదు. ఇంటికి తెచ్చుకోవడానికీ హద్దులున్నాయి. 18 నుంచి 27 అంగుళాల మధ్య ఉన్నదే ఉంచుకోవాలి. ఫ్లోరిడా తూర్పు తీరంలోని ఇండియన్ రివర్ లగూన్‌లో అయితే 2022లో ఒక్కటి కూడా ఉంచుకోకూడదని, వదిలేయాల్సిందేనని రూలు పెట్టారు. 1980లలో మసాలా పట్టించి మాడ్చి వండే రెడ్‌ఫిష్ వంటకం అమెరికా అంతా పాకి, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఈ చేప దాదాపు ఊడ్చుకుపోయే పరిస్థితి వచ్చింది కాబట్టి ఈ కట్టడి మీద నాకు ఫిర్యాదు లేదు.

రుచి బాగుంటుంది గానీ పొలుసు తీయడం నరకం. తీయకుండానే పొలుసు వైపు నిప్పుల మీద పెట్టి కాల్చుకోవడం మేలు.

బుక్ చేసేటప్పుడు గడియారం చూడొద్దు, పోటు ఎప్పుడొస్తుందో అడగండి. నీళ్లు కదలకుండా ఉన్న గంటల్లో చేప నోరు తెరవదు. ఉదయం ఆరింటికే బయల్దేరాలని పట్టుబట్టే కెప్టెన్ కన్నా ఆ రోజు పోటుని బట్టి టైమ్ మార్చే కెప్టెన్ నయం.