రెవెల్ 1/144 యూబోట్ కిట్: కొనొచ్చు, కానీ అతుకు దగ్గర ఓపిక పట్టాలి

రెవెల్ వాళ్ల టైప్ సెవెన్ సీ/41 జర్మన్ సబ్‌మెరైన్ (యూబోట్) కిట్టు, అంటే ప్లాస్టిక్ ముక్కలు అతికించి కట్టుకునే మోడల్, మామూలు ఇంటి షోకేసుకి సరిపోయే సైజు. అసలు పడవ 67 మీటర్ల పైన, కాబట్టి 1/144 (అసలులో 144వ వంతు) మోడల్ 46 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. ఇదే పడవ 1/72 స్కేలులో 93 సెంటీమీటర్లు వస్తుంది, అంత పొడవు అర అందరిళ్లలో ఉండదు. మొదటిసారి కట్టేవాళ్లకి చిన్నదే మేలు.

విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురాని చూసొచ్చి అలాంటిది కావాలనుకునేవాళ్లు మాత్రం ఇది కొనొద్దు. కుర్సురా 91.3 మీటర్ల సోవియట్ ఫాక్స్‌ట్రాట్ రకం సబ్‌మెరైన్. దానికి మూడు ప్రొపెల్లర్లు, దీనికి రెండు. ముక్కు తీరే వేరు. దీన్ని దానిలా మార్చడం కుదిరే పని కాదు.

జిగురు, రంగులు విడిగా కొనుక్కోవాలి. నెల్లూరు, ఒంగోలు బొమ్మల షాపుల్లో ఇలాంటివి దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. పార్సిల్ రాగానే డెక్కు ముక్కని గాజు పలక మీద పెట్టి చూడండి. పొడవాటి సన్న ప్లాస్టిక్ ఎండ వేడికి వంగుతుంది. వంగితే చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్లలో కాసేపు ఉంచి, గాజు మీద పరిచి పైన బరువు పెడితే చాలావరకు దారికొస్తుంది. ఆపైన అన్ని ముక్కల్నీ గిన్నెల సబ్బునీళ్లతో కడగాలి. అచ్చులోంచి ముక్క ఊడొచ్చేందుకు పూసే నూనె మిగిలితే రంగు ఊడుతుంది.

అసలు పని హల్ (పడవ ఒళ్లు) అతికించడంలో ఉంది. కుడి, ఎడమ రెండు చెక్కలు (సగాలు) కాబట్టి ముక్కు నుంచి అడుగు వెంబడి అతుకు నడుస్తుంది. ఆ గీత కనబడితే ఎంత మంచి రంగు వేసినా బొమ్మ బొమ్మలాగే ఉండిపోతుంది. సూపర్ గ్లూ వాడకండి. ఆరాక అది ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది, రుద్దినప్పుడు పక్కన ప్లాస్టిక్ అరిగి జిగురు గట్టులా నిలుస్తుంది. టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి పల్చటి సిమెంటు (ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే జిగురు) మంచిది. ముందు ఒక చెక్క లోపలి అంచుకి ఐదేసి సెంటీమీటర్లకి ఒకటి చొప్పున ప్లాస్టిక్ బద్ద ముక్కలు అతికిస్తే రెండో చెక్క పైకీ కిందికీ జారదు. తర్వాత మాస్కింగ్ టేపుతో బిగించి, ఒక్కసారిగా కాకుండా పది సెంటీమీటర్ల వంతున సిమెంటు పారించండి. రెండు వేళ్లతో నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి పూసలా పైకి ఉబకాలి. అదే అతుకుని నింపుతుంది. రెండు రోజులు ముట్టుకోకండి. తొందరపడి రుద్దితే తర్వాత ఆరేకొద్దీ గీత లోపలికి దిగుతుంది. ఆరాక 400, 600, 1000 నంబరు వాటర్ పేపర్ తడిపి వరసగా పట్టించాలి.

హల్ మూయకముందే చేయాల్సింది ఇంకొకటుంది. ముందు, వెనక కొసల నుంచి 12 సెంటీమీటర్ల దగ్గర అడుగున రంధ్రాలు పెట్టి, లోపల 4 ఎంఎం నట్లు ఎపాక్సీ జిగురుతో బిగించాలి, తర్వాత పడవని పీఠానికి బిగించేది వీటితోనే. మరల్లోకి ఎపాక్సీ దిగకుండా కాస్త గ్రీజు పూయండి. మూశాక అక్కడికి చెయ్యి పోదు. డబ్బాలో వచ్చే స్టాండు మీద నిలబెట్టినా పడవ నిలుస్తుంది, కానీ చీపురు తగిలినా ఒరిగిపోతుంది.

రెయిలింగులు ప్లాస్టిక్‌వి ఎలాగూ లావుగానే ఉంటాయి. రెండున్నర సెంటీమీటర్ల గొట్టం ఈ స్కేలులో 0.17 ఎంఎం, అంత సన్నగా అచ్చు పోయలేరు. వాటి బదులు మోటారు వైండింగ్ షాపులో 36 గేజి రాగి తీగ రెండు మూరలు అడగండి, దాని మందం 0.19 ఎంఎం. రెండు కొసలూ పట్టి మెల్లగా లాగితే తిన్నగా అవుతుంది. ఏరియల్ (రేడియో తీగ)కి సాగదీసిన ప్లాస్టిక్ పోగు వాడితే, వేలాడిన చోట అగరుబత్తి నిప్పు దగ్గరగా చూపిస్తే బిగుస్తుంది. తగిలితే మాత్రం తెగుతుంది.

వివరాలకి జర్మనీలోని లాబోలో ఒడ్డున పెట్టిన యూ-995 ఫొటోలు చూడండి. టైప్ సెవెన్‌లో మిగిలింది అదొక్కటే, అదీ ఈ 41 రకమే.

రంగు వేసే కాలం ముఖ్యం. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు. ఆ తేమలో లాకర్ రకం రంగు స్ప్రే కొడితే తెల్లటి పొర కడుతుంది. పొడిగా ఉన్న రోజు చూసుకుని, అడుగు దూరం నుంచి పల్చటి కోట్లు వేయాలి. మందంగా కొడితే ప్లాస్టిక్ పైపొర కరుగుతుంది.

పీఠం విషయంలో ప్రకాశం జిల్లావాళ్లు అదృష్టవంతులు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ముక్క 55 బై 15 సెంటీమీటర్లది, 18 ఎంఎం మందం, నాలుగు కిలోల పైన తూగుతుంది. ఇక పడవ కదలదు. పాలిష్ మీద ప్రొపెల్లర్లు, చుక్కాన్లు, అడుగు భాగం ప్రతిబింబంగా కనబడతాయి, మామూలుగా ఎవరూ వంగి చూడని చోట్లవి. బంగారు చుక్కలు మరీ పెద్దవున్న ముక్క తీసుకోకండి, చూపు వాటి మీదికే పోతుంది. రాయికి 6 ఎంఎం రంధ్రాలు డైమండ్ బిట్‌తో, నీళ్లు పోస్తూ వేయించాలి. వాటిలో ఇత్తడి గొట్టాలు నిలిపి, లోపలి నుంచి 4 ఎంఎం మరలున్న కడ్డీ హల్‌లోని నట్లలోకి తిప్పితే సరి.

దుమ్మూ బల్లులూ ఉంటాయి కాబట్టి మూత తప్పదు. బోర్డులు చేసే షాపులో 3 ఎంఎం అక్రిలిక్‌తో 52 బై 13 సెంటీమీటర్లు, 20 ఎత్తు చేయించండి. వాళ్లు చాలావరకు క్లోరోఫామ్‌తో అతికిస్తారు, దాని ఆవిరి మోడల్ రంగునీ ప్లాస్టిక్‌నీ మెత్తబరుస్తుంది. ఇంటికి తెచ్చాక వారం రోజులు బోర్లించకుండా గాలికి వదిలి, వాసన పూర్తిగా పోయాకే మోడల్ మీద మూయండి.