ఫేక్ న్యూస్ మీద యూనివర్సిటీ మాస్టార్ల ఆదివారం క్లాసు: నా రివ్యూ

విశాఖపట్నంలో ద్వారకానగర్ దగ్గర ఒక హాల్లో నెలకో ఆదివారం పొద్దున్న, యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు చెప్పే మాస్టార్లు మామూలు జనం కోసం ఒక క్లాసు నడుపుతున్నారు. ఫీజు లేదు, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. తప్పుడు వార్తలు ఎక్కడ పుడతాయి, ఎన్నికల్లో వాటిని ఎలా వాడతారు, దేశాలు ఒకదాని మీద ఒకటి ఎలా ప్రయోగిస్తాయి అన్నది సబ్జెక్టు. కొన్ని నెలలుగా వెళ్తున్నాను. మీరూ తప్పకుండా వెళ్ళండి, కానీ కొన్ని విషయాల్లో నాకు గట్టి అసంతృప్తి ఉంది. ఫిర్యాదు మనుషుల మీదికి పోకూడదని పేర్లు రాయడం లేదు.

అన్నిటికంటే బాగున్నది వీడియో క్లాసు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారంటూ ఫోన్లన్నీ చుట్టిన వీడియో గుర్తుందా? బైక్ మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. మాస్టారు ముందు అంతవరకే వేశారు. తర్వాత మొత్తం వేశారు. అదే బైక్ వెనక్కి తిరిగొచ్చి పిల్లాణ్ణి దింపేస్తుంది, బైక్ మీదున్నతను ఒక అట్ట విప్పి కెమెరాకి చూపిస్తాడు. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని కరాచీలో తీసిన అవగాహన వీడియో అది. చివరి ముక్క కోసేసి మన దగ్గర జరిగినట్టు పంపారు. ఆ ఏడాది జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో ఇలాంటి పుకారుకే ఐదుగుర్ని కొట్టి చంపేశారు. ఫార్వర్డ్‌లకి ఒకసారికి ఐదు చాట్లే అని వాట్సాప్ మన దేశంలో హద్దు పెట్టింది ఆ నెలలోనే.

ఆ తర్వాత మాస్టారు అందరి చేతా ఫోన్లు తీయించారు. వీడియోలో ఏ క్షణం దగ్గర ఆపాలి, ఆ బొమ్మతో గూగుల్‌లో ఎలా వెతకాలి, వచ్చినవాటిలో అన్నిటికంటే పాతది ఏదో ఎలా చూడాలి, అన్నీ పక్కన నిలబడి చేయించారు. ఏది నమ్మాలో చెప్పకుండా, తనకి ఎలా తెలిసిందో మెట్టు మెట్టుగా చూపించారు. చదువుకున్నవాళ్ళ నుంచి నాకు కావలసింది ఇదే.

ఇంకో ఆదివారం ప్రొఫెసర్ అనే పేరునే ఎలా వాడుకున్నారో చెప్పారు. 1983 జులైలో, అప్పట్లో ఢిల్లీ నుంచి వచ్చే పేట్రియాట్ పత్రికలో, పేరు చెప్పని అమెరికా శాస్త్రవేత్త రాసినట్టు ఒక ఉత్తరం అచ్చయింది. ఎయిడ్స్‌ని అమెరికానే తయారు చేసిందని అందులో ఉంది. దాని వెనక ఉన్నది సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ. రెండేళ్ళకి సోవియట్ పత్రిక ఒకటి భారతీయ పత్రికే రాసిందిగా అంటూ దాన్ని మళ్ళీ ఎత్తుకుంది, ఆ తర్వాత తూర్పు జర్మనీ ప్రొఫెసర్ యాకోబ్ సెగాల్ దానికి శాస్త్రం రంగు పూశాడు. ఇక్కడితో ఆగుంటే అందరికీ సుఖంగానే ఉండేది. కానీ మాస్టారు మన వైపు కథ కూడా తీశారు. మన దేశానికి అనుకూలంగా, పాకిస్తాన్‌కి వ్యతిరేకంగా పనిచేసిన ఒక నకిలీ వెబ్‌సైట్ల నెట్‌వర్క్‌ని, తప్పుడు ప్రచారాల ఆనవాళ్ళు వెతికే యూరప్ సంస్థ ఈయూ డిస్‌ఇన్ఫోల్యాబ్ 2020 డిసెంబరులో బయటపెట్టింది, అందులో 2006లోనే చనిపోయిన హార్వర్డ్ ప్రొఫెసర్ లూయీ సోన్ 2007లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి సమావేశానికి హాజరైనట్టు కనిపిస్తుంది. హాల్లో కొందరు గొణిగారు, ఒకాయన లేచి వెళ్ళిపోయారు కూడా. మాస్టారు మెత్తబడలేదు. ఆ ఒక్క కారణానికే ఈ క్లాసు మీద నాకు నమ్మకం కుదిరింది.

ఇక బాగోలేనివి. స్లైడ్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, మాట్లాడేది తెలుగే అయినా ముఖ్యమైన చోటుకి వచ్చేసరికి అందరూ ఇంగ్లీషులోకి జారిపోతారు. ఆన్‌లైన్ ప్రచారంలో బయటి దేశం చెయ్యి ఉందన్న ఆరోపణల మధ్య రొమేనియా రాజ్యాంగ న్యాయస్థానం 2024 డిసెంబరు 6న అధ్యక్ష ఎన్నిక మొదటి రౌండు ఫలితాన్నే రద్దు చేసింది, ఎంత పెద్ద విషయం అది, ప్రజల ఓటుని కోర్టు కొట్టేయడం ప్రజాస్వామ్యాన్ని కాపాడటమా కాదా అని గంటసేపు వాదించుకోవచ్చు. మా వెనక వరసల్లో సగం మందికి అసలు ఏం జరిగిందో కూడా అందలేదు.

ప్రశ్నలకి టైమ్ ఇవ్వకపోవడం ఇంకా పెద్ద లోపం. ఒకసారి వెంకటాపురం వైపు నుంచి వచ్చిన పెద్దాయన లేచారు. 2020 మే 7న అక్కడి ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో లీకైన గ్యాస్‌కి 12 మంది పోయారు కదా, ఆ రాత్రే మళ్ళీ లీకైందన్న మాట పాకి జనం పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కారు, అధికారుల మాటలకే ఒకదానితో ఒకటి పొంతన లేదు. "మాస్టారండీ, నిజమో కాదో చూసుకుని పరిగెత్తాలా, పరిగెత్తాక చూసుకోవాలా?" అని అడిగారు. పరిగెత్తడమే సరైనది, తప్పు మీది కాదు, సరైన కబురు వేళకి చెప్పనివాళ్ళది అని మాస్టారు రెండు ముక్కల్లో చెప్పారు, ఈలోపు హాలు ఖాళీ చేయమన్నారు. చాలా మంచి జవాబు, కానీ సగంలో తెగిపోయింది. అలాంటప్పుడు ఎవరి మాట వినాలి, కలెక్టరాఫీసు ఏం చేసి ఉండాల్సింది, ఇవన్నీ అడగాలని ఎంతమంది లేచి నిలబడ్డారో! నన్నడిగితే ఆ ప్రశ్నకి ఒక ఆదివారం మొత్తం ఇవ్వాలి, అదీ ద్వారకానగర్‌లో కాదు, వెంకటాపురంలోనో గోపాలపట్నంలోనో పెట్టాలి. గాజువాక కార్మికులు, జాలారిపేట వాళ్ళు ఎలాగూ ఇంత దూరం రారు, మాస్టార్లే అక్కడికి వెళ్ళాలి. నిర్వాహకులకి ఇదే రాసిచ్చాను.

వెళ్ళేవాళ్ళు అరగంట ముందే వెళ్ళండి, ఫ్యాన్ల కింద కుర్చీలు త్వరగా నిండిపోతాయి. హైస్కూలు పిల్లలుంటే తీసుకెళ్ళండి, ఫోన్ పని వాళ్ళే ముందు పట్టుకుంటారు. హాల్లో సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి మీకు అనుమానం ఉన్న ఫార్వర్డ్‌లు ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అడిగితే క్లాసు మొదలవ్వకముందే చూసి పెడుతున్నారు.